దుబాసీ, అనువాదకుడు – కమాండ్ లైన్‌పై కంప్యూటర్ భాషలు

కంప్యూటర్ లేని కార్యాలయం నేడు కానరాదు. మన ఉద్యోగుల పిల్లలలో అనేకులు పాఠశాల స్థాయిలోనే ప్రోగ్రామింగ్ అభ్యసిస్తున్నారు. కాని వారిలో పెక్కుమంది తెరపై కనిపించే ఒక బొత్తాన్ని నొక్కి, వచ్చిన ఫలితాన్ని చూసి తృప్తి చెందుతున్నారు. ఆ బొత్తం వెనుక ఏమి జరుగుతున్నది, తప్పు దొర్లితే అది ఏ దశలో బయటపడుతుంది, ఏ తప్పు అసలే బయటపడదు అనే విషయాలు వారి దృష్టికి రావడం లేదు. కృత్రిమ మేధ సైతం ప్రోగ్రాములు వ్రాసి ఇస్తున్న ఈ రోజుల్లో ఈ అవగాహన మరింత అవసరం. వ్రాసినది ఎవరైనా, దాని ఫలితానికి బాధ్యత వహించవలసినది దానిని వాడిన మనిషే కదా! ఈ అవగాహనకు చక్కని మార్గం కమాండ్ లైన్. అనగా బొమ్మలు, బొత్తాలు లేకుండా, ఆదేశాలను అక్షరాలలో కొట్టి కంప్యూటర్‌తో పని చేయించుకొనే పద్ధతి.

బజారులో దుబాసీ, అర్జీలో అనువాదకుడు

కంప్యూటర్‌కు తెలిసినది యంత్రభాష ఒక్కటే. మనం వ్రాసే పైథాన్, సి, ఫోర్‌ట్రాన్ వంటి భాషలను ఎవరో ఒకరు దానికి తెలియజెప్పవలెను. ఆ పని చేసేవారు ఇద్దరు: ఇంటర్‌ప్రెటర్, కంపైలర్. వీరి మధ్య గల భేదాన్ని గ్రహించడానికి జంషెడ్‌పూర్‌కు మించిన ఊరు లేదు.

టాటా మోటార్స్ కర్మాగారానికి చేరువలో ఉన్న మన గోవింద్‌పూర్‌లో హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, తెలుగు భాషలన్నీ వినవస్తాయి. శ్రీకాకుళం ప్రాంతం నుండి కొత్తగా వచ్చిన ఒక నాయనమ్మ, మనుమరాలిని వెంటబెట్టుకొని కూరగాయల బజారుకు వెళ్లినదనుకొందాం. “వంకాయలు కిలో ఎంతట?” అని ఆమె తెలుగులో అడుగుతుంది. మనుమరాలు వెంటనే హిందీలో అడిగి, జవాబును తెలుగులో చెబుతుంది. ఒక మాట, ఒక అనువాదం, ఒక ఫలితం. ఇది దుబాసీ పని; ఇంటర్‌ప్రెటర్ చేసేది ఇదే. దుబాసీ పక్కన లేనిదే బేరం సాగదు.

అదే నాయనమ్మ కుళాయి కనెక్షను కోసం అర్జీ పెట్టవలసి వచ్చినది. ఆమె తెలుగులో చెప్పినదంతా విని, తెలిసినవారొకరు హిందీలో కాగితంపై వ్రాసి ఇస్తారు. ఏదైనా వాక్యానికి అర్థం కుదరకపోతే, దానిని సరిచేసేవరకు కాగితం చేతికి ఇవ్వరు. ఒకసారి ఇచ్చిన తరువాత మాత్రం అనువాదకుడు వెంట రానక్కరలేదు. ఆ అర్జీని ఎన్నిమార్లయినా చూపవచ్చును. ఇది కంపైలర్ పద్ధతి.

కొంత చరిత్ర

గ్రేస్ హాపర్ అనే అమెరికన్ గణితవేత్త 1952లో రూపొందించిన ఎ-0 వ్యవస్థను కంపైలర్లకు ఆద్యమైనదిగా పేర్కొంటారు. 1957లో ఐ.బి.ఎం. సంస్థ ఫోర్‌ట్రాన్ కంపైలర్‌ను విడుదల చేయడంతో ఇంజనీర్లు సూత్రాలను దాదాపు సూత్రాల రూపంలోనే వ్రాయగలిగారు. జాన్ మెకార్తీ 1958లో లిస్ప్ భాషకు రూపకల్పన చేయగా, ఆయన సహచరుడు స్టీవ్ రస్సెల్ దానికి ఇంటర్‌ప్రెటర్‌ను సిద్ధం చేశారు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ మెకార్తీ గారి వద్దనే పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొని తెలుగువారికి గర్వకారణమయ్యారు.

మన దేశంలో 1963లో ఐ.ఐ.టి. కాన్పూరుకు వచ్చిన ఐ.బి.ఎం. 1620 యంత్రంపై విద్యార్థులు ఫోర్‌ట్రాన్ నేర్చుకొన్నారు. అప్పుడు ప్రోగ్రాం అంటే రంధ్రాలు పొడిచిన కార్డుల కట్ట. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో పుట్టిన బేసిక్ భాష తరువాతి కాలంలో చిన్న కంప్యూటర్లపై ఇంటర్‌ప్రెటర్‌గా ఇంటింటికీ చేరినది. ఆశ్చర్యమేమనగా, డార్ట్‌మత్‌లోని తొలి బేసిక్ ఇంటర్‌ప్రెటర్ కాదు, కంపైలర్! కనుక ఇంటర్‌ప్రెటర్, కంపైలర్ అనేవి భాషల జాతులు కావు. ఒక భాషను యంత్రానికి అందజేసే రెండు విధానాలు మాత్రమే.

ప్రాంప్ట్ వద్ద సంభాషణ

ఇక ఆచరణకు వద్దాం. ఇందుకు ఖరీదైన యంత్రం అవసరం లేదు. పాత కంప్యూటరైనా చాలును. లినక్స్‌లో టెర్మినల్‌ను, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను తెరవవలెను. ఈ క్రింద తెలుగులో చెప్పిన ఆదేశాలను యంత్రంపై ఆంగ్ల అక్షరాలలో కొట్టవలెనని గమనించగలరు.

లినక్స్‌లో “పైథాన్3” అని కొట్టి ఎంటర్ నొక్కగానే మూడు బాణపు గుర్తులు ప్రత్యక్షమవుతాయి. దుబాసీ సిద్ధంగా ఉన్నాడని దాని అర్థం. మన ఊరివారికి పరిచితమైన లెక్కనే అడుగుదాం. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు రేకు బరువెంత? పొడవు, వెడల్పు, మందాలను గుణించి 7.85తో హెచ్చవేయవలెను. గుణకారానికి నక్షత్రపు గుర్తు వాడి ఆ అంకెలను కొట్టగానే 157.0 అని జవాబు వస్తుంది. అనగా 157 కిలోలు. ఫైలు లేదు, నిరీక్షణ లేదు. ఒక ఆలోచనను అప్పటికప్పుడు పరీక్షించుకొనడానికి ఇంతకంటె అనువైన సాధనం లేదు.

ఆదేశాలు ఎక్కువైనప్పుడు వాటిని ఒక ఫైలులో వ్రాసి, “పైథాన్3” అని, ఒక ఖాళీ విడిచి, ఆ ఫైలు పేరు కొట్టినచో, మొదటి వరుస నుండి క్రమంగా అమలవుతాయి.

కంపైలర్ వద్ద క్రమశిక్షణ

సి భాషలో పద్ధతి వేరు. ముందుగా ప్రోగ్రాంను ఫైలులో వ్రాయవలెను. తరువాత “జీసీసీ” అని, ఫైలు పేరు కొట్టవలెను. 1987లో తొలిసారి విడుదలైన ఈ ఉచిత కంపైలర్ నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నది. తప్పులుంటే ఫైలు పేరు, వరుస సంఖ్య, ఆ వరుసలో ఎన్నవ అక్షరం వద్ద చిక్కు వచ్చినదో చెబుతుంది. కార్యఫైలును తయారు చేయదు. తప్పులు లేకపోతే ఏమీ మాట్లాడదు. కొత్తవారు ఈ మౌనాన్ని చూసి కంగారు పడతారు గాని, కమాండ్ లైన్‌పై మౌనం సాధారణంగా సమ్మతికి చిహ్నం.

అప్పుడు “ఏ డాట్ ఔట్” అనే ఫైలు తయారవుతుంది. వేరే పేరు కావలెనంటే ఆదేశంలో హైఫన్, ఓ అక్షరం చేర్చి ఆ పేరు ఇవ్వవచ్చును. దానిని నడపడానికి పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత ఉంచవలెను. “ఇప్పుడు నేనున్న డైరెక్టరీలోని ఫైలే” అని చెప్పడమన్నమాట. ఇక సి ఫైలుతోను, కంపైలర్‌తోను పని లేదు. కోట్ల సార్లు తిరిగే లెక్కలలో ఇట్టి కార్యఫైలు, అదే లెక్కను పైథాన్‌లో నేరుగా వ్రాసినదానికంటె ఎన్నో రెట్లు వేగంగా ముగుస్తుంది.

తప్పు బయటపడే వేళ

ఈ రెండు విధానాల మధ్య అతి ముఖ్యమైన భేదం వేగం కాదు. తప్పు బయటపడే వేళ. ఇనుప చువ్వల బరువు కట్టే ప్రోగ్రాం ఒకటి ఉన్నదనుకొందాం. 25 మిల్లీమీటర్లకు మించిన చువ్వలకు మాత్రమే వర్తించే భాగంలో ఒక పేరు అక్షరదోషంతో పడినది. సి భాషలో అయితే కంపైలర్ ఆ ప్రోగ్రాంను గుమ్మం దాటనివ్వదు. పైథాన్‌లో 8, 12, 16 మిల్లీమీటర్ల చువ్వలకు సరైన జవాబులు వస్తూనే ఉంటాయి. ఒకనాటి రాత్రి షిఫ్టులో 32 మిల్లీమీటర్ల చువ్వ రాగానే, ఆ పేరు తనకు తెలియదంటూ ప్రోగ్రాం ఆగిపోతుంది.

ఇక్కడ ఒక సవరణ అవసరం. పైథాన్ కూడా ఫైలు మొత్తాన్ని ముందుగా చదివి, బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపంలోకి మారుస్తుంది. కనుక కుండలీకరణం మూయకపోవడం వంటి వ్యాకరణ దోషం చివరి వరుసలో ఉన్నా, మొదటి వరుస సైతం అమలు కాదు. పేర్ల దోషాలు మాత్రం ఆ వరుస అమలయ్యే వరకు దాగి ఉంటాయి.

మౌనంగా దాటిపోయే తప్పు

అట్లని కంపైలర్ ఒప్పుకొన్నదంతా ఒప్పు కాదు. చువ్వ బరువుకు నిర్మాణ స్థలాలలో వాడే సూత్రం అందరికీ తెలిసినదే: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఇన్ని కిలోలని వస్తుంది. 16 మిల్లీమీటర్ల చువ్వకు 256ను 162తో భాగించగా 1.58 కిలోలు. ఇదే సూత్రాన్ని సి భాషలో వ్యాసాన్ని పూర్ణసంఖ్యగా ప్రకటించి వ్రాసినచో జవాబు 1 మాత్రమే వస్తుంది. ఏలననగా, సి భాషలో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే దశాంశ భాగం తొలగిపోతుంది. ఇది ఆ భాష నియమం, దోషం కాదు. అందువలన కంపైలర్ అభ్యంతరం చెప్పదు. హెచ్చరికలు కోరుతూ ఆదేశంలో “హైఫన్ డబ్ల్యూ ఆల్” అని చేర్చినా, ఈ విషయంలో మౌనంగానే ఉంటుంది.

12 మీటర్ల చువ్వలు 100 కొన్నామనుకొందాం. నిజమైన బరువు సుమారు 1,896 కిలోలు. ప్రోగ్రాం చూపేది 1,200 కిలోలు. తేడా దాదాపు 700 కిలోలు! 12 మిల్లీమీటర్ల చువ్వకైతే బరువు సున్నా అని వస్తుంది. దానిని ఎవరైనా పట్టుకొంటారు. 16 మిల్లీమీటర్లకు వచ్చే 1 అనే జవాబు నమ్మదగినదిగా కనిపిస్తుంది కనుకనే అది ఎక్కువ ప్రమాదకరం. దీనికి ఒక మందు: 162కు బదులు 162.0 అని వ్రాయడం.

పైథాన్ ప్రాంప్ట్ వద్ద ఈ రహస్యాన్ని నిమిషంలో చూడవచ్చును. 256, ఒక ఏటవాలు గీత, 162 అని కొట్టినచో 1.58తో మొదలయ్యే సంఖ్య వస్తుంది. రెండు ఏటవాలు గీతలు ఉంచినచో 1 వస్తుంది. ఈ విధంగా దుబాసీని అడిగి అనువాదకుని పనిని సరిచూసుకొనవచ్చును. అందుచేత ఈ రెండింటిలో ఏది గొప్ప అనే వాదం నిరర్థకం.

పెద్దల లెక్కలలోను ఇట్టివి జరిగినవి. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలోనే, ఎగిరిన 40 సెకన్లకు అటునిటుగా ధ్వంసమైనది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే చోట ఆ విలువ పట్టలేదు. ఆ ప్రోగ్రాం భాగం ఏరియాన్ 4 నుండి తీసుకొన్నది, కంపైలర్‌ను దాటినదే. కొత్త రాకెట్టు వేగం పాతదానికంటె ఎక్కువని కంపైలర్‌కు ఎవరు చెబుతారు? అది మనిషి సరిచూడవలసిన విషయం.

మన భాషలో పేర్లు

తెలుగు మాధ్యమంలో చదివిన పెద్దలకు ఒక శుభవార్త. 2008లో వెలువడిన పైథాన్ 3 నుండి, ప్రోగ్రాంలోని విలువలకు తెలుగు పేర్లు పెట్టుకొనవచ్చును. “బరువు”, “వ్యాసం” అని తెలుగు లిపిలోనే వ్రాసి లెక్క కట్టవచ్చును. భాష సొంత పదాలు, తప్పులను తెలిపే వాక్యాలు మాత్రం ఆంగ్లంలోనే ఉంటాయి. అయినను ఆంగ్లమంటే జంకే గృహిణులు సైతం నెల ఖర్చుల పట్టికను ఈ విధంగా వ్రాసుకొనడం కష్టం కాదు.

పిల్లలకు మూడు అలవాట్లు నేర్పవలసినదిగా తల్లిదండ్రులకు మనవి. మొదటిది, సందేహం వచ్చిన చిన్న లెక్కను ప్రాంప్ట్ వద్ద పరీక్షించడం. రెండవది, కంపైలర్ చెప్పిన తప్పును, హెచ్చరికను చివరి వరకు చదివి, అది చూపిన వరుసకు వెళ్లడం. మూడవది, జవాబు వచ్చిన తరువాత ఒక్క లెక్కనైనా కాగితంపై చేసి పోల్చడం. మొదటి రెండింటికి యంత్రం తోడ్పడుతుంది. మూడవది మన వంతు. తూకం వేసే కాటా దగ్గర 696 కిలోల తేడా వచ్చిన నాడు సంజాయిషీ చెప్పవలసినది కంపైలర్ కాదు.