రోజుకి వెయ్యి రూపాయలు వస్తాయా? ఇంట్రాడే మొదలుపెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

గత ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నా దగ్గర 50 వేలు ఉన్నాయి. ఇంట్రాడేలో రోజుకి ఒక వెయ్యి వస్తే చాలు, ఎలా మొదలుపెట్టాలి?" అని. ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఆ "వెయ్యి చాలు" అన్న మాట చూద్దాం. 50 వేల మీద వెయ్యి అంటే రోజుకి 2 శాతం. నెలకి 20 రోజులు మార్కెట్ ఉంటుందనుకుంటే 20 వేలు, అంటే నెలకి 40 శాతం. బ్యాంకులో ఏడాదికి 7 శాతం వస్తే సంతోషపడే మనం, ఇక్కడ నెలకి 40 శాతాన్ని "చాలు" అంటున్నాం. అడిగింది చిన్న మొత్తంలా కనిపిస్తుంది గానీ, అది చాలా పెద్ద కోరిక.

ఇంట్రాడే అంటే ఏంటంటే, ఈ రోజు కొన్న షేర్‌ని ఈ రోజే అమ్మేయడం. మార్కెట్ ఉదయం 9.15కి మొదలై మధ్యాహ్నం 3.30కి ముగుస్తుంది. ముందు అమ్మి తర్వాత కొనొచ్చు కూడా, దాన్ని షార్ట్ సెల్లింగ్ అంటారు. మనం పొజిషన్ క్లోజ్ చేయకపోతే మార్కెట్ ముగిసే ముందు బ్రోకరే క్లోజ్ చేసేస్తాడు. దానికి మళ్ళీ విడిగా ఛార్జీ ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. 500 రూపాయల షేర్ 100 కొన్నారు, 50 వేలు అయింది. 501కి అమ్మారు. వంద రూపాయలు లాభం అనుకుంటాం కదా. బ్రోకరేజ్ 0.03 శాతం చొప్పున రెండు వైపులా కలిపి దాదాపు 30 రూపాయలు. అమ్మేటప్పుడు ఎస్‌టీటీ 0.025 శాతం, అంటే సుమారు 13. ఎక్స్ఛేంజ్ ఛార్జీ, స్టాంప్ డ్యూటీ, బ్రోకరేజ్ మీద జీఎస్‌టీ అన్నీ కలిపి ఇంకో పది. మొత్తం 53 రూపాయల దాకా పోతుంది. వందలో చేతికి వచ్చేది 47 మాత్రమే. మీ బ్రోకర్‌ని బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది, మీ కాంట్రాక్ట్ నోట్ తీసి చూసుకోండి.

రోజుకి ఇలాంటివి ఐదు ట్రేడ్లు చేస్తే ఖర్చు 265. నెలకి 5,300. అంటే లాభం వచ్చినా రాకపోయినా మీ 50 వేలల్లో ప్రతి నెలా 10 శాతం పైన ఛార్జీలకే పోతుంది. అందుకే ఎక్కువ ట్రేడ్లు చేస్తే ఎక్కువ సంపాదిస్తాం అనుకోవడం పొరపాటు.

ఇది నా మాట కాదు. 2024 జులైలో సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసిన ప్రతి పది మందిలో ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్ళ లోపు వాళ్ళలో అది 76 శాతం. ఏడాదికి 500 కంటే ఎక్కువ ట్రేడ్లు చేసినవాళ్ళలో 80 శాతం. చూశారా, ట్రేడ్లు పెరిగేకొద్దీ నష్టపోయినవాళ్ళూ పెరిగారు.

రెండో విషయం, మార్జిన్. 40 వేలు పెడితే బ్రోకర్ 2 లక్షల దాకా షేర్లు కొననిస్తాడు, అంటే ఐదు రెట్లు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. 2022లో నా దగ్గర 40 వేలు ఉండేవి. అది మా పాప రెండో టర్మ్ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బు. మొదటి పది రోజులు కొద్దికొద్దిగా లాభాలే వచ్చాయి, దాంతో నాకు ఆట అర్థమైపోయిందనుకున్నాను. ఒక రోజు 400 రూపాయల షేర్ 500 కొన్నాను, ఫుల్ మార్జిన్. 396 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను. రేటు 396 దగ్గరికి రాగానే "మళ్ళీ పైకి వస్తుందిలే" అని స్టాప్‌లాస్ తీసేశాను. 2 వేలతో అయిపోవాల్సింది. మధ్యాహ్నం బ్రోకర్ 378 దగ్గర కట్ చేశాడు. 11 వేలు పోయాయి.

షేర్ పడింది ఐదున్నర శాతమే, కానీ నా డబ్బు పోయింది 27 శాతం పైన. మిగిలిన 29 వేలని మళ్ళీ 40 వేలు చేయాలంటే 38 శాతం సంపాదించాలి. ఇంట్లో ఆ మాట చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పోయింది రాబట్టుకుందామని ఇంకా ట్రేడ్లు చేశాను, ఇంకా పోగొట్టాను. ఫీజు చివరికి మా బావమరిది దగ్గర అప్పు తీసుకుని కట్టాను.

అందుకే ఇప్పుడు లెక్క తిరగేసి చేస్తాను. ఎంత వస్తుంది అని కాదు, ఎంత పోతే తట్టుకోగలను అని ముందు అడుగుతాను. 50 వేలు ఉంటే ఒక ట్రేడ్‌లో పోయేది 1 శాతం, అంటే 500 మించకూడదు. 500 రూపాయల షేర్‌కి 495 దగ్గర స్టాప్‌లాస్ అనుకుంటే ఒక్కో షేర్‌కి 5 రూపాయల రిస్క్. 500ని 5తో భాగిస్తే 100. అంతే, 100 షేర్లే కొనాలి. మార్జిన్ ఇస్తున్నారు కదా అని 500 కొనకూడదు. స్టాప్‌లాస్ పెట్టినా రేటు వేగంగా పడితే ఇంకొంచెం కింద అమ్ముడవ్వచ్చు, అది కూడా మనసులో పెట్టుకోండి.

మొదలుపెట్టాలనే అనుకుంటే ఇలా చేయండి. మొదటి నెల డబ్బు పెట్టకండి. నిఫ్టీ 50లో రెండు మూడు షేర్లే తీసుకుని, ఎక్కడ కొంటారు, ఎక్కడ ఆపుతారు, ఎందుకు అనేది నోట్‌బుక్‌లో ముందే రాయండి. సాయంత్రం ఛార్జీలు తీసేసి ఫలితం రాయండి. ఆ నోట్‌బుక్‌లోనే నష్టం వస్తుంటే నిజం డబ్బుతో లాభం వస్తుందని ఎలా అనుకుంటాం? తర్వాత చిన్న మొత్తంతో, మార్జిన్ లేకుండా, రోజుకి ఒకటి రెండు ట్రేడ్లు. రెండు నష్టాలు వస్తే ఆ రోజుకి యాప్ మూసేయండి. కొత్తలో షార్ట్ సెల్లింగ్ జోలికి వెళ్ళకండి. షేర్ అప్పర్ సర్క్యూట్‌లో ఆగిపోతే తిరిగి కొనడానికి అమ్మేవాళ్ళే దొరకరు.

టెలిగ్రామ్‌లో గ్యారంటీ లాభాలంటూ టిప్స్ ఇచ్చేవాళ్ళని నమ్మొద్దు. గ్యారంటీ అన్నారంటేనే అనుమానించాలి. ట్యాక్స్ సంగతి కూడా మర్చిపోవద్దు. ఇంట్రాడే లాభం స్పెక్యులేషన్ వ్యాపార ఆదాయం కింద వస్తుంది, మీ స్లాబ్ ప్రకారం కట్టాలి. నష్టం వస్తే జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు.

కాబట్టి తమ్ముడూ, ఆ 50 వేలు అద్దెకో, ఫీజుకో, ఈఎంఐకో సంబంధించినవైతే ఇంట్రాడేలోకి తీసుకురావద్దు. పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాని డబ్బు ఎంత ఉందో చూడు. అది 10 వేలే అయితే 10 వేలతోనే నేర్చుకో. రోజుకి వెయ్యి అన్న లెక్క పక్కన పెట్టి, ఒక ట్రేడ్‌కి వంద కంటే ఎక్కువ పోకూడదు అన్న లెక్కతో మొదలుపెట్టు.

వచ్చే ఎపిసోడ్‌లో కాంట్రాక్ట్ నోట్ లైన్ బై లైన్ ఎలా చదవాలో చూద్దాం. మీ దగ్గర ఒకటుంటే రెడీగా పెట్టుకోండి.