ముందుజాగ్రత్త శస్త్రచికిత్సయా, నిరంతర పరిశీలనయా?

రాని వ్యాధికి చికిత్స ఎందుకన్నది లోకసహజమైన ప్రశ్న. వచ్చిన తరువాత విచారించుట కంటె ముందే మేల్కొనుట మేలన్నది అంతే సహజమైన సమాధానం. ఈ రెంటి నడుమ నిలిచి నిర్ణయం చేసుకొనవలసిన స్త్రీలు కొందరున్నారు. వారికి రొమ్ము క్యాన్సర్ లేదు. కాని అది వచ్చే అవకాశం ఇతరుల కంటె అధికమని పరీక్షలలో తేలినది. మన ఇండ్లలో సిగ్గు చేత ఈ మాట పెదవి దాటదు. కనుకనే విద్యార్థినీ విద్యార్థుల ముందు ఈ విషయాన్ని వివరించుట అవసరమని భావించాము.

మొదట గ్రహించవలసినది, ప్రమాదం అందరికీ ఒకే తీరున ఉండదు. బయాప్సీలో తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో చూసినప్పుడు పాల నాళాలలోనో, గ్రంథులలోనో కణాలు అసహజ రూపంలో పెరిగినట్లు కనబడవచ్చును. దీనిని వైద్యులు ఎటిపికల్ హైపర్‌ప్లేసియా అంటారు. ఇది క్యాన్సర్ కాదు. అయితే ఈ మార్పు గల స్త్రీలకు వ్యాధి సోకే అవకాశం ఇతరుల కంటె సుమారు నాలుగు రెట్లు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, 25 సంవత్సరాల కాలంలో ఇట్టివారిలో నూటికి దాదాపు 30 మందికి క్యాన్సర్ వచ్చును. అదే లెక్కను మరొక వైపు నుండి చదివితే 70 మందికి రాదు.

రెండవది వంశపారంపర్యంగా సంక్రమించే ప్రమాదం. 1994లో బి.ఆర్.సి.ఎ.-1, 1995లో బి.ఆర్.సి.ఎ.-2 అను జన్యువులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇవి దెబ్బతిన్న డి.ఎన్.ఎ.ను బాగుచేయుటకు తోడ్పడతాయి. వీటిలో లోపం గల స్త్రీలలో 80 ఏండ్ల వయసు లోపల నూటికి సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చునని 2017లో వెలువడిన పరిశోధన తెలిపినది. అండాశయ క్యాన్సర్ ప్రమాదం దీనికి అదనం.

2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన రెండు రొమ్ములను ముందుగానే తీయించుకొన్నట్లు ప్రకటించినది. ఆమెది ఈ రెండవ కోవ. ఇట్టి శస్త్రచికిత్స వ్యాధి వచ్చే అవకాశాన్ని నూటికి 90 వంతుల వరకు తగ్గిస్తుంది. కాని కణజాలమంతా తొలగింపబడదు కనుక ప్రమాదం పూర్తిగా పోదు. స్పర్శజ్ఞానం చాలవరకు నశిస్తుంది. బిడ్డకు పాలిచ్చే అవకాశం ఉండదు. చేసినదానిని వెనుకకు త్రిప్పుట అసాధ్యం.

పరిశీలనా మార్గంలో వైద్యుని చేత క్రమబద్ధమైన పరీక్ష, ఏటేటా మామోగ్రాం ముఖ్యమైనవి. జన్యులోపం గలవారికి 25 ఏండ్ల నుండి ఎం.ఆర్.ఐ. కూడ అవసరం. పరిశీలన వ్యాధిని ఆపదు. వచ్చినచో తొలిదశలో పట్టిస్తుంది. దీనికి తోడు మందులున్నవి. 1998లో వెలువడిన అమెరికా పరిశోధనలో టామాక్సిఫెన్ అను మాత్ర, ప్రమాదం అధికంగా గల స్త్రీలలో వ్యాధిని దాదాపు సగానికి తగ్గించినది. రక్తం గడ్డకట్టుట, గర్భాశయ క్యాన్సర్ దానికి గల అరుదైన దుష్ఫలితాలు.

కేవలం కణాల మార్పు మాత్రమే ఉన్నచో రొమ్ములు తీయించుకొనుమని వైద్యులు సాధారణంగా చెప్పరు. పరిశీలననూ, మందునూ సూచిస్తారు. మార్పు కనబడిన చోట కొద్ది భాగాన్ని తీసి, క్యాన్సర్ దాగియున్నదేమో చూచుట వేరు. రొమ్మునే తొలగించుట వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించి భయపడరాదు. జన్యులోపం గలవారికి మాత్రం రెండు మార్గాలూ సమంజసమైనవే. ఐతే పరిశీలన ఏండ్ల తరబడి సాగితేనే ఫలం. ఎం.ఆర్.ఐ. దొరకని ఊరిలో ఉంటూ, ప్రతి ప్రయాణానికీ, పరీక్షకూ ఖర్చు వెదుకుకొనవలసిన స్త్రీ ఈ సంగతిని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను.

ఈ నిర్ణయానికి తొందర లేదు. బయాప్సీ గాజుపలకను మరొక నిపుణునికి చూపవచ్చును. "నా ప్రమాదం ఎంత? ఎన్ని సంవత్సరాలలో?" అని అడుగవచ్చును. సంతానం కలిగిన తరువాత శస్త్రచికిత్స గురించి ఆలోచించవచ్చును.

ఉర్దూలో మష్వరా అనే చక్కని మాట ఉన్నది. తల్లికో, అక్కకో ఇట్టి పరిస్థితి వచ్చినప్పుడు ఇంటివారు చేయవలసినది మష్వరాయే గాని తీర్పు కాదు. చదువుకొన్న బిడ్డలు వైద్యుని మాటను ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించి, నిర్ణయాన్ని ఆమెకే విడిచిపెట్టవలెను. ఆ దేహం ఆమెది. ఆ జీవితమూ ఆమెదే.