ఆ టోపీ ఎవరు కుట్టారు?



వార్షికోత్సవం రోజున యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వరుసలో నిలబడ్డవాళ్ళమే మనమంతా. ఆ చొక్కా ఎవరు కుట్టారో ఏనాడూ అడగలేదు. మా అమ్మ జాకెట్టుకు ఇంత అని కూలికి మిషన్ కుడుతుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆ డబ్బుతోనే వచ్చింది. అయినా మేమూ అడగలేదు! పీజీలో కార్మిక సమస్యలు చదువుతున్నప్పుడు, ఆ ప్రశ్న అడిగిన అమెరికా విద్యార్థుల గురించి తెలిసింది.

అక్కడ యూనివర్సిటీ పేరు, గుర్తు ఉన్న టోపీలు, టీషర్టులు విపరీతంగా అమ్ముడవుతాయి. ఆ గుర్తు వాడుకున్నందుకు కంపెనీ యూనివర్సిటీకి రాయల్టీ కడుతుంది. కుట్టించేది మాత్రం హోండురాస్, ఇండోనేషియా వంటి పేద దేశాల్లో. చాలీచాలని కూలి, బలవంతపు ఓవర్‌టైం, సంఘం పెడితే పని ఊడటం. ఇలాంటి కార్ఖానాలనే స్వెట్‌షాపులంటారు. అన్యాయం బయటపడితే ‘ఆ ఫ్యాక్టరీ మాది కాదు, కాంట్రాక్టరుది’ అని కంపెనీ తప్పుకుంటుంది.

కానీ ఒప్పందం మీద సంతకం పెట్టేది యూనివర్సిటీయే కదా! విద్యార్థులు పట్టుకున్నది ఇక్కడే. 1998లో ‘యునైటెడ్ స్టూడెంట్స్ అగెనెస్ట్ స్వెట్‌షాప్స్’ అనే సంఘం ఏర్పడింది. 1999లో డ్యూక్, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ యూనివర్సిటీల్లో అధికారుల కార్యాలయాల్లో బైఠాయించారు. వారి ముఖ్యమైన డిమాండు వింటే ఇంతేనా అనిపిస్తుంది: ఫ్యాక్టరీల చిరునామాలు బయటపెట్టండి. కానీ చిరునామా లేనిదే ఎవరు వెళ్ళి చూస్తారు? ఆ ఏడాదే నైకీ సంస్థ కొన్ని యూనివర్సిటీల బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పేర్లు ప్రకటించింది. 2000లో తనిఖీల కోసం ‘వర్కర్ రైట్స్ కన్సార్టియం’ ఏర్పడింది. దాని పాలకవర్గంలో కంపెనీలకు చోటివ్వలేదు. దొంగ చేతికే తాళాలిస్తే ఏం లాభం?

2009 జనవరిలో రస్సెల్ కంపెనీ హోండురాస్‌లో ఒక ఫ్యాక్టరీ మూసేసింది. 1,200 మంది రోడ్డున పడ్డారు. గిరాకీ లేదని కంపెనీ చెప్పింది. కార్మికులు సంఘం పెట్టుకోవటమూ ఒక కారణమని కన్సార్టియం విచారణలో తేలింది. విద్యార్థులు ఆ కార్మికులను క్యాంపస్‌లకు పిలిపించి మాట్లాడించారు. సుమారు వంద యూనివర్సిటీలు ఒప్పందాలు రద్దు చేసుకున్నాయి. నవంబరులో కంపెనీ దిగివచ్చింది. కొత్త ఫ్యాక్టరీ పెట్టి పాతవారిని తీసుకుంటామని, సంఘాన్ని గుర్తిస్తామని ఒప్పుకుంది.

అన్నీ గెలుపులే అనుకోకండి. డొమినికన్ రిపబ్లిక్‌లో బి.జె.అండ్ బి. అనే టోపీల ఫ్యాక్టరీలో 2003లో సంఘానికి గుర్తింపు వచ్చింది. 2007లో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. కూలి పెంచమంటే ఆర్డర్లు మరో దేశానికి తరలిపోతాయి. ఈ చిక్కుముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు. అదే ఊళ్ళో 2010లో ‘ఆల్టా గ్రేసియా’ అనే ఫ్యాక్టరీ మొదలైంది. చట్టం చెప్పిన కనీస వేతనానికి సుమారు మూడు రెట్లు ఇస్తూ, యూనివర్సిటీ టీషర్టులే కుట్టించింది.

సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాం. మిగతాదంతా ఊకొడుతూ విన్నది. మూడు రెట్లు అనగానే మిషన్ ఆపి, జాకెట్టుకు ఎంతవుతుందో వేళ్ళ మీద లెక్క వేసింది.