గాజుగృహంలో మల్లెతీగ

తెలుగువారి మల్లెనే హిందీ ప్రాంతాలలో మోగరా అనీ, బేలా అనీ పిలుస్తారు. శాస్త్రజ్ఞులు దీనికి ఇచ్చిన పేరు జాస్మినం సంబక్. సతతహరితమైన ఈ మొక్క ఆధారం దొరికితే తీగవలె పైకి పాకుతుంది.

మల్లె గడ్డకట్టే చలికి ఓర్వలేదు. అందుచేత ఐరోపాలోని శీతల దేశాలవారు దీనిని గాజుగృహాలలో పెంచుతారు. గాజు ఎండను లోనికి రానిస్తుంది. వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. ఆ వెచ్చదనమే అక్కడ మొక్కను కాపాడుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లోని తెలీబంధాలో పరిస్థితి ఇందుకు భిన్నమైనది. మే నెలలో అక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. గాలి ఆడని గాజుగది అప్పుడు కొలిమితో సమానం. లేత చిగుళ్లు మాడిపోతాయి. పొడిగాలిలో ఎర్రనల్లి కూడా విజృంభిస్తుంది. కావున గాజుగది ఉన్నవారు కప్పులో కిటికీలు అమర్చి, వేసవిలో నీడవల పరచి, నేలను తడుపుతూ ఉండాలి.

ఎక్కడ పెంచినా ఒక నియమం మాత్రం మారదు. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదనే. చలికాలంలో నీరు తగ్గించి, ఆ కాలం ముగిసేలోగా కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు, నీరు అందిస్తే మొగ్గలు విరివిగా వస్తాయి.

శీతల దేశాలు గాజుతో సమకూర్చుకునే వెచ్చదనం తెలీబంధాలో ఆరుబయటనే లభిస్తుంది. అటువంటి చోట పాఠశాల తోటలో మల్లె పెంచడానికి ఒక పందిరి, మంచి ఎరువు, సకాలంలో కత్తిరింపు చాలును.