బాంబర్ల 4కె వీడియోలు: అసలెంత, ఏఐ కల్పన ఎంత?

'రెండో ప్రపంచ యుద్ధం, 4కె, 60 ఎఫ్‌పీఎస్, ఏఐ రీస్టోర్డ్' అనే టైటిల్‌తో బీ-17 బాంబర్ల వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. వాటిలో రంగులన్నీ ఏఐ పూసినవే అని చాలామంది అనుకుంటారు. అన్నీ కాదు.

1943లో హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్ తన టీంతో ఇంగ్లండ్ నుంచి బయల్దేరే అమెరికా బాంబర్లు ఎక్కి, 16 ఎంఎం కొడాక్రోమ్ మీద కలర్‌లోనే షూట్ చేశాడు. ఆక్సిజన్ మాస్క్ తగిలించుకుని, కెమెరాలు కూడా బిగుసుకుపోయే చలిలో తీసిన షాట్లు అవి. టీంలోని హెరాల్డ్ టానెన్‌బామ్ తిరిగి రాలేదు, ఆయన ఎక్కిన బాంబర్‌ను కూల్చేశారు. ఆ ఫుటేజీతోనే 1944లో 'ది మెంఫిస్ బెల్' డాక్యుమెంటరీ వచ్చింది. ముడి రీళ్లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండిపోయాయి. వాటిని 4కె‌లో రీస్టోర్ చేసి ఎరిక్ నెల్సన్ 2018లో 'ది కోల్డ్ బ్లూ' తీశాడు.

మన భాషలో చెప్పాలంటే, 16 ఎంఎం ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేమ్ సైజు సుమారు 10.3 × 7.5 మిల్లీమీటర్లు. అంటే ఇప్పటి ఫ్లాగ్‌షిప్ ఫోన్లలోని 1/1.3 అంగుళాల సెన్సర్ కంటే కాస్తే పెద్దది! కొడాక్రోమ్‌ను చీకట్లో భద్రపరిస్తే రంగులు దశాబ్దాల పాటు పెద్దగా వెలిసిపోవు. మనం ఇన్నాళ్లూ చూసిన మసక అంతా కాపీకి కాపీ తీయడం వల్ల వచ్చిందే. కాబట్టి ఒరిజినల్ రీల్‌ను సరిగ్గా స్కాన్ చేస్తే సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత దుమ్ము, గీతలు తీయడం, ఊగే ఫ్రేమ్‌ను నిలబెట్టడం, రంగు సరిచేయడం. ఇదీ రీస్టోరేషన్ అంటే.

ఎన్‌హాన్స్‌మెంట్ వేరే కథ. 24 ఫ్రేముల ఫుటేజీని 60 చేస్తే, ప్రతి సెకనులో కనీసం 36 ఫ్రేములు ఎవరూ తీయనివే. నేను 'మెంఫిస్ బెల్' క్లిప్ ఒకదాన్ని ఓ ఏఐ యాప్‌లో వేసి చూశా. రెక్కలు, ఇంజిన్లు తళతళలాడాయి గానీ, ప్రొపెల్లర్ల దగ్గర దొరికిపోయింది. బీ-17 ప్రొపెల్లర్ సెకనుకు 20 చుట్లకు పైనే తిరుగుతుంది, అంటే ఫ్రేమ్‌కు దాదాపు ఒక చుట్టు. మధ్యలో రెక్క ఎక్కడుందో యాప్‌కు ఎలా తెలుస్తుంది? బ్లేడ్లు జెల్లీలా సాగాయి. మాస్క్ వెనక గన్నర్ కళ్లను కూడా మార్చేసింది, చూడ్డానికి బాగానే ఉన్నాడు గానీ ఆ మనిషి కాదు.

అసలు భయం దుమ్ము తీసే ఫిల్టర్‌తోనే. ఒక్క ఫ్రేమ్‌లో కనిపించి మాయమయ్యే చుక్కను అది చెత్త అనుకుంటుంది. బాంబర్ ఫుటేజీలో అలాంటి చుక్క ట్రేసర్ బుల్లెట్ కావచ్చు, దూసుకుపోతున్న శత్రు ఫైటర్ కావచ్చు. వైలర్ సినిమాలో ఓ బీ-17 గిరగిరా తిరుగుతూ పడిపోయే సీన్ ఉంది. అందులోంచి ఎన్ని పారాచూట్లు బయటికొచ్చాయో చూడాల్సిన చోటు అది. నాయిస్ రిడక్షన్ ఫుల్‌గా పెట్టి ఆకాశాన్ని నున్నగా చేస్తే ఆ లెక్క తప్పుతుంది. అక్కడ ఒక్కో తెల్ల చుక్క ఒక్కో మనిషి. అందుకే మంచి ల్యాబ్‌లో ఆటోమేటిక్ క్లీనింగ్ అయ్యాక మనిషి కూర్చుని చెక్ చేస్తాడు.

ఇంకో విషయం, వైలర్ ముడి ఫుటేజీకి సౌండ్ లేదు. ఇంజిన్ మోత తర్వాత చేర్చిందే. దాంతో నాకు పేచీ లేదు, సౌండ్ కలిపితే బొమ్మలోంచి ఏదీ చెరిగిపోదు కదా.

'ది కోల్డ్ బ్లూ' దొరికితే ఫోన్‌లో కాకుండా టీవీలో చూడండి. ముందు సెటింగ్స్‌లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆఫ్ చేయండి. లేదంటే ల్యాబ్ వాళ్లు జాగ్రత్తగా వదిలేసిన గ్రెయిన్‌ను మీ టీవీయే తుడిచేస్తుంది.