వేడెక్కడమే దాని ఉద్యోగం

వినాయక చవితి పందిరికి చుట్టే పాత సీరియల్ సెట్టు గుర్తుందా? ఒక్క బల్బు మాడితే దండంతా ఆరిపోయేది. 1970ల నాటి వాల్వు టీవీల్లో ఫిలమెంట్లదీ అదే అమరిక. వెనక అట్ట విప్పి చూసినప్పుడు ఒక్క వాల్వూ ఎర్రగా వెలగకపోతే, అన్నీ ఒక్కసారే పోయాయనుకోకండి. ముందు డ్రాపర్ని అనుమానించాలి.

పింగాణీ గొట్టానికి నిక్రోమ్ తీగ చుట్టి పైన పూత పూసిన లావుపాటి రెసిస్టెన్సు అది. పీఎల్ 504 వాల్వు ఫిలమెంటుకు 27 వోల్టులు కావాలి, ఈఎఫ్ 183కి 6.3 చాలు. రెంటికీ కరెంటు మాత్రం 0.3 ఆంపియర్లే. అందుకే వరుసగా కలిపేశారు. అన్నీ కలిసి 140 వోల్టులు తీసుకున్నాయనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగుల్చుకుని, మెయిన్స్ 230లో తక్కిన 90 వోల్టుల్నీ డ్రాపర్ నెత్తిన వేశారు. 90ని 0.3తో భాగిస్తే 300 ఓమ్‌లు, గుణిస్తే 27 వాట్లు. మెకానిక్ చేతిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! టీవీ ఆడినంతసేపూ లోపల అలాంటిదొకటి కాలుతూనే ఉంటుందన్నమాట. రోజూ కాగుతూ, చల్లారుతూ సాగి ముడుచుకునే తీగ ఏదో ఒకరోజు పుటుక్కుమంటుంది.

మా సెట్లో డ్రాపర్ ట్యాగుల మధ్య 100 ఓమ్‌ల ముక్క ఒక్కటే ఓపెనయింది. కోఠీ గుజరాతీ గల్లీలో 100 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టెన్సు కొనుక్కొచ్చి ఆ ముక్క మీదుగా అతికించాను. 0.3 × 0.3 × 100 అంటే 9 వాట్లే కదా, లెక్క కుదిరిందనుకున్నాను. పావుగంటకు తెర మీద వెలుగు మెల్లగా పోయింది. రెసిస్టెన్సుకు ఏమీ కాలేదు. దాని కాలు దగ్గర టంకమే కరిగి జారిపోయింది! సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. నిండా వాట్లు మోసే రెసిస్టెన్సు అంతకంటే ఎక్కువే కాగుతుంది. పైన అచ్చేసిన 10 వాట్లు గాలాడే చోట లెక్క, మూసిన పెట్టెలో కాదు.

రెండోసారి 25 వాట్లది తెచ్చాను. కాళ్లను ట్యాగులకు గట్టిగా మెలేసి, ఆ తర్వాతే టంకం పెట్టాను. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లకు దూరంగా జరిపాను. అల్యూమినియం తొడుగున్న రెసిస్టెన్సులు చిన్నగా ఉంటాయని మోజుపడొద్దు. వాటిని ఇనుప ఛాసిస్‌కు బిగిస్తేనే అన్ని వాట్లు మోస్తాయి.

ఈ సెట్లలో ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ ముట్టుకున్నా షాకే. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో, పిక్చర్ ట్యూబులో చార్జి నిలిచి ఉంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

“డ్రాపర్ బదులు కెపాసిటర్ పెడితే వేడే ఉండదుగా నాన్నా?” అన్నాడు మావాడు. నిజమే, సుమారు 5 మైక్రోఫారడ్లది సరిపోతుంది. కానీ అది షార్టయిందంటే 230 వోల్టులూ ఫిలమెంట్ల మీదే పడతాయి. రెసిస్టెన్సు పోతే మాత్రం దండ ఆరిపోతుంది, అంతే.