ఆ కీ ఎవరిది?

మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకు ఒక సంగతి అందరికన్నా ముందు తెలుస్తుంది. ఈమెయిల్ దారిలో ఆగిన ప్రతి సర్వర్‌లోనూ, యంత్రమంతా తెరిచి చూడగల రూట్ అధికారం ఉన్న మనిషి తలచుకుంటే దాన్ని చదవగలడు. 1982లో ఈమెయిల్ చేరవేసే ఎస్‌ఎంటీపీ నియమాలు రాసినప్పుడు ఉత్తరం చేరితే చాలనుకున్నారు, మధ్యలో ఎవరు చదువుతారన్న చింత పెట్టుకోలేదు. తర్వాత సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య టీఎల్‌ఎస్ రక్షణ వచ్చింది కానీ, అది దారికే కాపలా. డిస్కు మీద ఉత్తరం చదవడానికి వీలుగానే పడి ఉంటుంది. అందుకే 90ల నుంచి అమెరికాలో, యూరప్‌లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు కలుసుకునే స్థానిక బృందాల్లో ఉత్తరాన్నే కీతో మూసి పంపే పీజీపీ అనే ప్రోగ్రాము పాఠానికి చోటు దొరికింది. అందులో గణితం పావుగంటలో అయిపోతుంది. మిగతా సాయంత్రమంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: ఈ కీ నిజంగా ఈ మనిషిదేనా? పీజీపీ జీవితకథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా నమ్మకం.

1976 దాకా రహస్య లిపికి ఒక పాత చిక్కు ఉండేది. రాసేవాడి దగ్గరా చదివేవాడి దగ్గరా ఒకే కీ ఉండాలి. ఆ కీని ముందు ఎలా చేరవేయాలి? ఆ ఏడాది విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ కీని రెండుగా విడదీయవచ్చని ప్రకటించారు. తెరిచి ఉన్న తాళంకప్పలు ఊరందరికీ పంచిపెట్టినట్టు అన్నమాట. ఎవరైనా నొక్కి మూయగలరు, తెరిచే తాళంచెవి మాత్రం పంచినవాడి దగ్గరే ఉంటుంది. మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ దాన్ని ప్రధాన సంఖ్యల లెక్కతో చేసి చూపించారు. అదే ఆర్‌ఎస్‌ఏ. అంతకుముందే బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎల్లిస్‌కు ఈ ఆలోచన వచ్చింది, 1973లో క్లిఫర్డ్ కాక్స్ దానికి లెక్క కట్టాడు. అంతా రహస్యంగానే ఉండిపోయింది. 1997 డిసెంబరులో ఆ సంగతి బయటపెట్టేనాటికి ఎల్లిస్ చనిపోయి నెల కూడా కాలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆర్‌ఎస్‌ఏని మామూలు మనిషి కంప్యూటర్‌లోకి తెచ్చింది ఫిల్ జిమ్మర్‌మన్. కొలరాడోలోని బోల్డర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆయన. అణ్వాయుధాలను వ్యతిరేకించే ఉద్యమంలో తిరిగిన మనిషి. 1991లో అమెరికా సెనేట్ ముందుకు వచ్చిన ఒక బిల్లులో, అవసరమైనప్పుడు సంభాషణల అసలు రూపం ప్రభుత్వానికి దొరికేలా కంపెనీలు చూడాలన్న వాక్యం ఉంది. అది చివరికి చట్టం కాలేదు. కానీ దాన్ని చూసి జిమ్మర్‌మన్ తొందరపడ్డాడు. ఆ ఏడాది జూన్‌లో పీజీపీని ఉచితంగా వదిలేశాడు. మొదటి కూర్పులో ఆయన సొంతంగా అల్లిన సంకేత పద్ధతి బలహీనమని నిపుణులు తేల్చారు. 1992 సెప్టెంబరులో వచ్చిన రెండో కూర్పులో దాన్ని తీసేసి, ఐడియా అనే గట్టి పద్ధతి పెట్టారు.

లోపల జరిగే పని ఇది. ఉత్తరం రాసి పంపగానే పీజీపీ ముందు దాన్ని కుదిస్తుంది. ఆ ఒక్క ఉత్తరం కోసమే ఒక యాదృచ్ఛిక కీ పుట్టించి, దాంతో ఉత్తరాన్ని మూసేస్తుంది. ఆర్‌ఎస్‌ఏ లెక్క చాలా నెమ్మది కాబట్టి ఉత్తరమంతటికీ దాన్ని వాడదు. ఆ చిన్న కీని మాత్రమే అవతలివాళ్లు అందరికీ పంచిన పబ్లిక్ కీతో మూసి, ఉత్తరంతో పాటే పంపుతుంది. అవతలివాళ్లు తమ దగ్గరే ఉంచుకున్న ప్రైవేట్ కీతో చిన్న కీని, దాంతో ఉత్తరాన్ని తెరుస్తారు. సబ్జెక్ట్ లైను మాత్రం ఈ పద్ధతిలో మూతపడదు. చాలామందికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

అప్పట్లో ఇలా మూసే గట్టి ఎన్‌క్రిప్షన్‌ను అమెరికా ఎగుమతి చట్టాలు ఆయుధాల జాబితాలో పెట్టాయి. ఉచిత ప్రోగ్రాము దేశం దాటిందని 1993లో జిమ్మర్‌మన్ మీద నేర విచారణ మొదలై, 1996 జనవరిలో కేసేమీ పెట్టకుండానే ముగిసింది. ఈ మధ్యలో 1995లో ఎంఐటీ ప్రెస్ పీజీపీ సోర్స్ కోడ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చేసింది. ప్రోగ్రామును ఫ్లాపీలో దేశం దాటిస్తే ఆయుధమట, కాగితం మీద అచ్చేస్తే పుస్తకమట. తర్వాతి కూర్పులను ఇలాగే అచ్చేసి యూరప్‌కు పంపితే, అక్కడ 70 మందికి పైగా కూర్చుని పేజీలను స్కాన్ చేసి, తప్పులు దిద్ది, మళ్లీ ప్రోగ్రాముగా మార్చారు.

1997 చివర్లో జర్మనీలో వెర్నర్ కాఖ్ పేటెంట్ల చిక్కు లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా జీఎన్‌యూపీజీ రాయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణం వచ్చింది. ఈరోజు అడ్మిన్లు టెర్మినల్‌లో 'జీపీజీ' అని కొట్టేది కాఖ్ పుణ్యమే.

యంత్రం గట్టిదే. మరి జనం ఎందుకు వాడలేదు? 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ చేసిన పరీక్షలో దీనికి జవాబు ఉంది. 12 మందికి పీజీపీ 5.0 ఇచ్చి, 90 నిమిషాల్లో ఒక రహస్య సందేశం మీద తమ ప్రైవేట్ కీతో సంతకం చేసి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపమన్నారు. మూడోవంతు మందే సరిగ్గా పంపగలిగారు. ముగ్గురు రహస్యాన్ని పొరపాటున మామూలు మెయిల్‌లోనే పంపేశారు. ఏడుగురు అవతలివాళ్ల కీకి బదులు తమ సొంత పబ్లిక్ కీతో మూశారు, అంటే తాము తప్ప ఎవరూ తెరవలేని ఉత్తరం పంపారు. ఎవరి కీతో మూయాలో బొమ్మలూ మెనూలూ చెప్పలేకపోయాయి. పక్కన కూర్చున్న మనిషి "నీ కీతో కాదు, నాకు పంపుతున్నావు కదా, నా కీతో" అని ఒక్కసారి చెబితే ఆ పొరపాటు మళ్లీ రాదు. బృందంగా నేర్చుకోవడంలో ఉన్న మేలు అదే.

ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. ఎవరైనా ఎవరి పేరుతోనైనా కీ తయారు చేయగలరు. దీనికి పీజీపీ చెప్పిన జవాబు నమ్మకాల వల: నేను చూసి నిర్ధారించుకున్న నీ కీ మీద నేను సంతకం చేస్తాను, నన్ను నమ్మేవాళ్లు దాన్ని చూసి నిన్ను నమ్ముతారు. ఆ సంతకాల కోసం పెట్టుకునేదే కీ సైనింగ్ పార్టీ. అక్కడ కంప్యూటర్లు తెరవరు. వచ్చేవాళ్లు తమ కీలను ముందే నిర్వాహకుడికి పంపుతారు. ఆయన ఇచ్చిన జాబితాను అందరూ ఇంట్లోనే అచ్చు వేసుకుని, అందులో తమ ఫింగర్‌ప్రింట్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని వస్తారు. ఫింగర్‌ప్రింట్ అంటే కీ నుంచి లెక్కకట్టిన, అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిసిన 40 గుర్తులు, నాలుగేసి చొప్పున పది ముక్కలుగా. అందరి చేతిలో ఉన్నది ఒకే జాబితా అని తేలడానికి నిర్వాహకుడు దాని హ్యాష్‌ను, అంటే జాబితా మొత్తం నుంచి లెక్కకట్టిన గుర్తుల వరసను, పైకి చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరూ లేచి "నాది సరిగ్గా ఉంది" అని చెబుతారు. ఆపైన రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి పాస్‌పోర్టు చూపించుకుంటారు. ఫొటో, ముఖం, పేరు సరిపోతే జాబితాలో టిక్ పెట్టి, ఒక అడుగు పక్కకు జరుగుతారు. ఇంటికెళ్లాకే సంతకాలు. సంతకం చేసిన కీని ఆ మనిషి మెయిల్‌కే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే, ఆ చిరునామా కూడా ఆయనదేనని తేలుతుంది. ఆ సంతకం మనిషి మంచివాడని చెప్పదు, ఈ కీ ఈ పేరుగల మనిషిదని మాత్రమే చెబుతుంది.

ఈ జాగ్రత్త చాదస్తం కాదు. 2013 జనవరిలో, అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టబోతున్న కంప్యూటర్ నిపుణుడు ఎడ్వర్డ్ స్నోడెన్ డాక్యుమెంటరీ దర్శకురాలు లారా పోయిట్రస్‌ను చేరాలనుకున్నాడు. మధ్యవర్తిగా మైకా లీ అనే నిపుణుడికి అజ్ఞాతంగా ఎన్‌క్రిప్ట్ చేసిన ఉత్తరం రాశాడు. కానీ తన పబ్లిక్ కీ జతచేయడం మరిచిపోయాడు. అంతటి నిపుణుడు కూడా! పోయిట్రస్ కీ ఆమెదేనని స్నోడెన్ సరిచూసుకోవడానికి, లీ దాని ఫింగర్‌ప్రింట్‌ను ట్విటర్‌లో అందరికీ కనిపించేలా పెట్టాడు. ముఖాముఖి కలవలేనప్పుడు అదే దారి.

ఈ నమ్మకాల వలకు దెబ్బలూ తగిలాయి. 2019లో కొందరి కీల మీద ఎవరో లక్షకు పైగా చెత్త సంతకాలు గుమ్మరించారు. వాటిని, కీలను అందరికీ అందించే కీ సర్వర్ల నుంచి తెచ్చుకున్న జీపీజీ కదలకుండా నిలిచిపోయింది. 2024లో కొత్త ఓపెన్‌పీజీపీ ప్రమాణం వచ్చింది, కాఖ్ మాత్రం దాన్ని ఒప్పుకోక వేరే దారి పట్టాడు. ఇంటింటి ఉత్తరాలకు పీజీపీ చేరలేదు, ఇక చేరుతుందని నేను అనుకోను.

సర్వర్లలో మాత్రం అది రోజూ పని చేస్తోంది. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ నడుస్తున్న యంత్రంలో 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టినప్పుడల్లా, వచ్చిన ప్యాకేజీల జాబితా మీది ఓపెన్‌పీజీపీ సంతకం సరిచూసుకున్నాకే పని ముందుకు సాగుతుంది. ఆ ప్యాకేజీలు కట్టే డెవలపర్‌గా చేరాలంటే మామూలుగా, ఇప్పటికే డెవలపర్‌గా ఉన్నవాళ్లను కలిసి, గుర్తింపు చూపించి, కీ మీద సంతకం చేయించుకోవాలి. డెబియన్ వాళ్ల వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగింది. ఆ సంతకాల కోసం చూసే మన దక్షిణాది కుర్రవాళ్లకు, రైలు ప్రయాణం దూరంలో ఆ అవకాశం దొరికింది.